కళ్ళు తెరిచే ఉన్నాయి

మంటలో మెత్తబడ్డ గాజును తిప్పడం ఆపకూడదు. ఆపితే జారుతుంది. ఆ పనిలో మొదటి పాఠం అదే, ఆఖరి పాఠమూ అదే. మేస్త్రీ ఆ మాట కూతురికి చెప్పి చెప్పి నోరు అరగదీసుకున్నాడు.

ఆ ఉదయం పిల్ల చేతిలో గాజు మళ్ళీ జారింది.

గాజు గొట్టాన్ని రెండు చేతుల వేళ్ళ మీద దొర్లిస్తూ, దానికి తగిలించిన రబ్బరు గొట్టం కొస నోట్లో కరిచిపట్టి బుడగ ఊదుతోంది. ప్రయోగశాలలో వాడే పెద్ద ఫ్లాస్కుకి కావలసిన బుడగ అది, గట్టిగా, గబగబా ఊదాలి. నిమ్మకాయంత అయింది, నారింజంత అయింది. మేస్త్రీ పక్క బల్ల దగ్గర తన పని తాను చేసుకుంటూ ఓరకంట ఆ బుడగనే చూస్తున్నాడు. బాగానే వస్తోందనుకున్నాడు. అనుకోవడమే తప్పయినట్టు పిల్ల వేళ్ళు ఆగాయి. రబ్బరు గొట్టం పెదవి మీంచి జారి మెడలో వేలాడింది. బుడగ ఒక పక్కకి ఒరిగింది, సాగింది, ఆవు పొదుగులా కిందికి దిగింది.

"తిప్పవే" అన్నాడు మేస్త్రీ.

పిల్ల తిప్పలేదు.

"నిన్నే."

పలకలేదు. మంట బుసకొడుతూనే ఉంది. సాగిన గాజు బల్ల మీద ఆని చిటపటమంది. అంతలో పిల్ల మెడలోని గొట్టం తీసి మళ్ళీ నోట్లో పెట్టుకోబోయింది. "ఇంకాస్త ఊదనా నాన్నా?" అంది, ఏమీ జరగనట్టు. అప్పుడు చేతిలోకి చూసుకుంది.

గొట్టాల మూతులు అరగదీసే అతన్ని కార్ఖానాలో అందరూ సానాయన అంటారు. చక్రం ఆపి నవ్వాడు. "బొమ్మకి మళ్ళీ కీ అయిపోయింది మేస్త్రీ. వీపు మీద ఎక్కడో తాళం ఉంటుంది, రెండు చుట్లు తిప్పు."

మేస్త్రీ కూతురి చేతిలోంచి గొట్టం లాక్కుని పగులు గాజు డబ్బాలోకి విసిరాడు. "గాజంటే నీకు లెక్క లేదు. నేనన్నా లెక్క లేదు. పిలుస్తుంటే కళ్ళప్పగించి చూస్తుంది కానీ కదలదు. ఎవరి బుద్ధి వస్తుంది మరి, కన్నతల్లి బుద్ధే వస్తుంది."

పిల్ల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. గులాబీ రంగు అద్దాల కళ్ళజోడు. అది పెట్టుకోకపోతే మంటలో గాజు కనపడదు, దాని చుట్టూ లేచే పసుపు వెలుగే కనపడుతుంది. ఒకప్పుడు అది మేస్త్రీదే. ఇప్పుడు ఆయన వేరేది పెట్టుకుంటాడు. దీన్ని ముట్టుకోడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని వినపడితే ఇటు తిరిగాడు. గుమ్మంలో యజమాని, ఆయన పక్కన డాక్టరమ్మ. పొద్దున రోగుల్ని చూస్తుంది, మధ్యాహ్నం పరిశోధన చేస్తుంది. ఎలుక మెదడులోంచి తీసిన పలుచని ముక్కని కాసేపు బతికించి ఉంచడానికి ఆమెకి జంట గోడల గాజు గిన్నె కావాలి. కొలతలు చెప్పడానికి వచ్చింది.

"ఎలా అమ్మా?"

"ఇలా ఆగిపోవడం."

"ఆగిపోవడం కాదు, ఒళ్ళు బలుపు. చదువు అయిపోయింది, పని నేర్పమంది. నేర్పుతున్నా. ధ్యాస ఉంటేగా."

డాక్టరమ్మ ఆయనతో వాదించలేదు. పిల్ల దగ్గరికి వెళ్ళి మెల్లిగా అడిగింది. "ఇందాక మీ నాన్న నిన్నేమన్నారు?"

"బుద్ధి లేదన్నారు."

"దానికి ముందు?"

పిల్ల ఆలోచించింది. "ముందేమీ అనలేదు."

సానాయన మళ్ళీ నవ్వబోయి మానుకున్నాడు. డాక్టరమ్మ యజమాని వైపు తిరిగి, ఈ పిల్లని ఒకసారి ఆసుపత్రికి పంపండి, తలకి తీగలు పెట్టి చూడాలి, నొప్పి ఉండదు అంది. ఆమె వెళ్ళాక యజమాని మేస్త్రీని పక్కకి పిలిచాడు.

"గ్యాసూ ఆక్సిజనూ పక్కపక్కనే ఉండే చోటిది. ఆవిడ సరేననేదాకా పిల్ల మంట దగ్గరికి రాకూడదు. వద్దంటే ఇక ఎప్పటికీ వద్దు. నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోవడానికేముంది" అన్నాడు మేస్త్రీ, లోపల తిట్టుకుంటూ.

పిల్ల డబ్బా దగ్గర వంగి, జారిపోయిన బుడగ ముక్కల్ని ఏరుతోంది. "నాకీ పని తప్ప ఇంకేదీ వద్దు నాన్నా" అంది తల ఎత్తకుండా.

కార్ఖానా ముందు పెద్ద రోడ్డు. అవతల ఒక సందు, సందు చివర ఇల్లు. రోడ్డు దాటితే అయిపోతుంది. మేస్త్రీ దాటడు. కార్ఖానా వెనక నుంచి గిడ్డంగుల పక్కగా పోయి, వంతెన కింద నుంచి చుట్టు తిరిగి ఇల్లు చేరతాడు. ఆయన వెంట పిల్ల కూడా చుట్టే తిరుగుతుంది. ఎందుకని ఆమె అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు.

ఇంట్లో అత్తగారు కూర తరుగుతోంది. కూతురు పోయాక మనవరాలి కోసం వచ్చి ఉండిపోయిన మనిషి. అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఒకే గదిలో మోకాళ్ళు తగిలేంత దగ్గర కూర్చున్నా మాట పిల్ల మీదుగానే పోవాలి. పిల్ల లేనప్పుడు గోడతో మాట్లాడుతుంది. గోడకి చెప్పింది అల్లుడు చేస్తాడు, అల్లుడు గొణిగింది గోడ చెప్పినట్టు వింటుంది. సంసారం అలాగే నడిచిపోతోంది.

జరిగింది విని ఆమె కత్తిపీట పక్కకి నెట్టింది.

"తలకి తీగలు పెట్టించుకున్న పిల్లని రేపు ఎవడు చేసుకుంటాడో మీ నాన్నని అడుగు."

"పని పోతే ముగ్గురం ఏం తింటామో మీ అమ్మమ్మని అడుగు" అన్నాడు మేస్త్రీ చెప్పులు విప్పుతూ.

"మూర్ఛ ఉన్నవాళ్ళు కిందపడి కొట్టుకుంటారు. ఇదెప్పుడైనా కింద పడిందా? కాస్త పరధ్యానం. దానికింత రాద్ధాంతమా. పరధ్యానం మా ఇంట్లో కొత్తా? మీ అమ్మకీ..."

ఆగింది. కత్తిపీట మళ్ళీ ముందుకి లాక్కుని, తరిగిన ముక్కల్నే మళ్ళీ తరిగింది.

"అమ్మకి?" అంది పిల్ల.

"మీ అమ్మకీ కూరలో ఉప్పు గుర్తుండేది కాదు. పో, కాళ్ళు కడుక్కో."

మేస్త్రీ విన్నాడు. ఉప్పు గురించి కాదని తెలిసింది. తెలిసినా అడగలేదు. ఆ ఇంట్లో పిల్ల తల్లి మాట ఎవరూ ఎత్తరు, ఆమె పోయిన దగ్గర్నుంచి.

ఆసుపత్రి గదిలో కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి. ఒక కుర్చీ, ఒక మంచం, ఒక కంప్యూటరు తెర. పరీక్ష చేసే అమ్మాయి పిల్ల జుట్టు పాయలు పాయలుగా విడదీసి, తెల్లటి జిగురుతో చిన్న చిన్న బిళ్ళలు అంటించింది. ఒక్కో బిళ్ళ నుంచి ఒక్కో తీగ. అన్నీ కలిపి వెనక జడలా వేలాడాయి.

"పూలు పెట్టినంత ఓపిగ్గా పెట్టారు" అంది పిల్ల.

"తీసేటప్పుడు తిడతావులే. జిగురు ఓ పట్టాన వదలదు."

తెర మీద గీతలు కదిలాయి. వరసకి వరసకి పోలిక లేదు. ఒకటి వణుకుతూ, ఒకటి నిదానంగా, ఒకటి ఎగుడుదిగుడుగా, దేని దారి దానిదే. సంత రోజు జనంలా ఉన్నాయనుకున్నాడు మేస్త్రీ. డాక్టరమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది.

పరీక్ష చేసే అమ్మాయి పిల్ల చేతికి కాగితపు గాలిమర ఇచ్చింది. "ఇది ఆగకుండా తిరుగుతూ ఉండాలి. లోతుగా పీల్చి గట్టిగా ఊదుతూ ఉండు."

పిల్ల తండ్రి వైపు చూసి నవ్వింది. "ఊదడం నా పనేగా."

గాలిమర తిరిగింది. ఎర్ర రేకులూ తెల్ల రేకులూ కలిసిపోయాయి. పిల్ల ఊదుతోంది, పీలుస్తోంది, ఊదుతోంది. నవ్వు ఇంకా పెదవుల మీద ఉంది. తర్వాత నవ్వు పోయింది. గాలిమర మెల్లగా తిరిగింది, రేకులు విడివిడిగా కనపడ్డాయి, ఆగింది.

తెర మీద సంత చెదిరిపోయింది. గీతలన్నీ ఒక్కసారి లేచాయి, ఒక్కసారి దిగాయి. ఒక మేకు, ఒక గుట్ట. మళ్ళీ మేకు, మళ్ళీ గుట్ట. పైనుంచి కింది దాకా అన్ని వరసలూ ఒకే అచ్చులో పోసినట్టు.

"ఏనుగు" అంది పరీక్ష చేసే అమ్మాయి గట్టిగా.

మేస్త్రీ తెర చూడటం మానేశాడు. కూతురి మొహం చూశాడు. బల్ల దగ్గర అది ఆగిన ప్రతిసారీ ఆయన గాజునే చూశాడు. జారేది గాజు కాబట్టి. మొహం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఈ గదిలో గాజు లేదు. చూడటానికి మొహమే ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. సూటిగా ఆయన వైపే ఉన్నాయి. రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. కోపం లేదు, ప్రేమ లేదు, ఎదుట మనిషి ఉన్నాడన్న ఎరుక లేదు. పెదవులు ఏదో చప్పరిస్తున్నట్టు కొద్దిగా కదిలాయి.

ఆ మొహం ఆయనకి తెలుసు. రోడ్డు మధ్యలో చూశాడు.

"అమ్మాయ్" అన్నాడు.

గీతలు విడిపోయాయి. మళ్ళీ దేని దారిన అది పోయింది. పిల్ల ఒక ఊపిరి పీల్చి గాలిమరని మళ్ళీ ఊదింది.

"ఇందాక నేనో మాట చెప్పాను, ఏంటది?" అంది పరీక్ష చేసే అమ్మాయి.

"మీరేం చెప్పలేదుగా. ఊదుతూ ఉండమన్నారు."

తర్వాత డాక్టరమ్మ తన గదిలో కూర్చోబెట్టి చెప్పింది. మెదడులో కణాలకి చిన్న చిన్న తలుపులుంటాయి. వాటిలో కొన్ని కాల్షియాన్ని లోపలికి వదిలే తలుపులు. కొందరిలో ఆ తలుపుల తీరు మారిపోయి ఉంటుంది, తెరుచుకోకూడనప్పుడు తేలిగ్గా తెరుచుకుంటాయి. తెరుచుకోగానే ఆ కణం ఒక్కసారిగా పేలినట్టు మోగుతుంది. పక్కదాన్ని మోగిస్తుంది. ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. దేని పని అది చేసుకోవాల్సిన కణాలన్నీ కలిసి ఒకే దరువు వేస్తాయి. ఆ దరువు నడిచినంతసేపు బయటి మాట లోపలికి పోదు. గట్టిగా, గబగబా ఊపిరి తీస్తే అది త్వరగా మొదలవుతుంది. ఇదీ మూర్ఛే. కిందపడి కొట్టుకునేది కాదు, నిలబడ్డచోటే మనిషి మాయమయ్యేది.

"మీ దగ్గర చేయిస్తున్న గిన్నెలో నేను చూసేది కూడా ఆ తలుపుల్నే. ఎలుకల్లోనూ ఇలాంటివి ఉంటాయి" అంది. "అన్నీ తెలిసిపోయాయని చెప్పను. కానీ ఆ తలుపుల దగ్గర కాపలా కూర్చునే మందు ఉంది. చాలామందికి తగ్గుతుంది. తగ్గి, చాలాకాలం రాకుండా ఉంటే మంట దగ్గరికి పంపుదాం. అప్పటిదాకా చల్లారిన గాజు పని ఏదైనా చెయ్యనివ్వండి. రోడ్డు మీద ఒంటరిగా వద్దు."

పిల్ల తల ఊపింది. 'పంపుదాం' అన్న మాట దగ్గరే దాని చెవులు ఆగిపోయాయి. మొహం వెలిగింది.

"వాళ్ళ అమ్మగారికి ఇలాంటివి ఉండేవా?"

"పోయింది" అన్నాడు మేస్త్రీ.

"ఎలా పోయారు?"

"లారీ."

డాక్టరమ్మ కలం ఆగింది.

పిల్ల మందుల కోసం బయటికి వెళ్ళింది. మేస్త్రీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"కళ్ళు తెరిచే ఉంటాయి కదమ్మా. ఎదురుగా మనిషి ఉంటే. తెలిసిన మనిషి. పేరు పెట్టి పిలిస్తే."

"ఎవరున్నా అంతే. చూపు ఉంటుంది, చూడటం ఉండదు. మిమ్మల్ని, నన్ను, ఎవర్నీ."

"మరి ఎదుటివాడు ఏం చెయ్యాలి?"

"పెద్దగా ఏమీ లేదు. దగ్గరుండాలి. ప్రమాదమున్న చోటైతే వెళ్ళి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకురావాలి."

"అంతేనా."

"అంతే." ఆమె కలం మూత పెట్టింది. "పోయినవాళ్ళ గురించి నేను చెప్పలేనండీ. నేను చూడని మనిషి."

"నేను చూశాను" అన్నాడు మేస్త్రీ. నమస్కారం పెట్టడం మర్చిపోయి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో పాల గొడవ. కాల్షియం అన్న మాట వినగానే అత్తగారు పిల్ల ముందున్న పాలగ్లాసు తీసేసింది.

"అమ్మమ్మా, పాలతో సంబంధం లేదు."

"పాలల్లో ఉండేది అదేనని నువ్వే బళ్ళో చదువుకొచ్చి చెప్పావు."

"ఉంటుంది. తేడా కాల్షియంలో కాదు, దాన్ని లోపలికి వదిలే తలుపులో."

"తలుపు పాడైతే సరుకు తగ్గించాలిగా. దొంగల భయం ఉన్న ఇంట్లో బంగారం పెడతామా?"

పిల్ల నవ్వి, గ్లాసు లాక్కుని గటగటా తాగేసి, తల్లో జిగురు వదిలించుకోవడానికి తల స్నానానికి పోయింది. నీళ్ళ చప్పుడు మొదలైంది. గదిలో అత్తా అల్లుడూ మిగిలారు.

అత్తగారు గోడ వైపు తిరిగింది. "తగ్గుతుందన్నారో లేదో ఈ గోడకైనా తెలిస్తే బాగుండు."

"అత్తయ్యా."

ఆమె భుజం ఉలిక్కిపడింది. తిరగలేదు.

"ఆ రోజు అది నన్ను చూడలేదు."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"పొద్దున్నే మాటా మాటా అనుకున్నాం. విసురుగా వెళ్ళిపోయాను. రోడ్డు దాటాను. వెనక నుంచి పిలిస్తే తిరిగాను. ఏడుస్తూ, రొప్పుతూ పరిగెత్తుకొస్తోంది. మధ్యకి వచ్చి ఆగింది. నా మొహంలోకి చూస్తూ ఆగింది. రమ్మని పిలిచాను. మళ్ళీ పిలిచాను. లారీ హారన్ కొడుతోంది. కదల్లేదు. నన్ను చూస్తూ చూస్తూ కదల్లేదు. ఇదిగో, నీ కళ్ళ ముందే చస్తాను, నువ్వు బతుకు, అన్నట్టు నిలబడిందనుకున్నాను."

"అనుకోవడం కాదు. చెప్పావు." అత్తగారి గొంతు గోడకి తగిలి వస్తోంది. "పోలీసులకి చెప్పావు. చుట్టాలకి చెప్పావు. కావాలనే నిలబడిందని. నా బిడ్డ బూడిద చల్లారకముందే."

ఆమె ఇటు తిరిగింది. పిల్ల కార్ఖానా నుంచి తెచ్చి మేకుకి తగిలించిన గులాబీ అద్దాల కళ్ళజోడు తీసి ఆయన మోకాలి మీద పెట్టింది.

"ఇది ఎవరిది?"

"నాదే."

"ఆ రోజు దాని చేతిలో ఎందుకుంది?"

"నేను మర్చిపోయి వెళ్ళాను."

"చావబోయే ఆడది మొగుడి కళ్ళజోడు పట్టుకుని వెంట పరిగెడుతుందా?"

అద్దాల మీద ఒక గీత కూడా లేదు. ఆ రోజు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆయన దాన్ని ముట్టుకోలేదు కానీ, రోజూ చూస్తూనే ఉన్నాడు.

"ఈ మాట అప్పుడే ఎందుకనలేదు అత్తయ్యా."

ముసలామె కూర్చుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "చిన్నప్పుడు పాలు పొయ్యిమీద పెట్టి చూడమంటే, పొంగి పొయ్యి ఆరిపోయినా అలాగే చూస్తూ నిలబడేది. చెంప మీద ఒక్కటి వేసేదాన్ని. తేరుకునేది. దెబ్బకే తేరుకుందనుకునేదాన్ని. నీకిచ్చేటప్పుడు చెప్పలేదు. చెబితే చేసుకుంటావా? పోయాక చెబితే, దాచిపెట్టి అంటగట్టారంటావని భయం. నువ్వు ఆ మాటన్నావు. నేను నోరు మూసుకున్నాను. నా బిడ్డ మీద బురద పడుతుంటే, చూస్తూ నిలబడ్డాను."

నీళ్ళ చప్పుడు ఆగింది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పిల్ల వచ్చింది. ఇద్దర్నీ చూసింది. ఎవరూ గోడ వైపు లేరు.

"ఏమైంది?"

"ఏం లేదు" అంది అత్తగారు లేచి. "జిగురు పోయిందా? ఇలా రా, చూస్తాను." అల్లుడి ముందు నుంచే నడిచి వెళ్ళింది. ఆయన వైపు చూడలేదు. క్షమించినట్టు ఆయనకీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున పిల్ల మొదటి మాత్ర వేసుకుంది. చల్లారిన గాజు పనికి రమ్మని యజమాని కబురు పంపాడు. పిల్ల అన్నం డబ్బా సంచీలో పెట్టి చెప్పులేసుకుంటుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"మందు రాత్రికి కూడా వెయ్యాలని..." అని ఆగింది. గోడ వైపు ఒకసారి చూసింది. "...మర్చిపోకు" అంది. ఎవరితో అందో తేలలేదు.

సందు చివరకి వచ్చాక పిల్ల అలవాటుగా వంతెన వైపు తిరిగింది.

"అటు కాదు. ఇటు" అన్నాడు మేస్త్రీ.

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఆయన దాని మణికట్టు పట్టుకున్నాడు. బళ్ళు తగ్గేదాకా ఆగాడు. జాగ్రత్తగా దాటించాడు. అవతలి అంచు మీద ఎక్కించి, చెయ్యి వదిలి, వెనక్కి తిరిగాడు.

"నాన్నా?"

"ఉండు. అక్కడే ఉండు."

రోడ్డు మధ్య దాకా నడిచాడు. తెల్ల గీత అరిగిపోయి ఉంది. ఆ గీత మీద నిలబడి కార్ఖానా వైపు చూశాడు. ఆ రోజు తను నిలబడిన చోట ఇప్పుడు కూతురు నిలబడి ఉంది. ఆయన చేతులు కట్టుకుని, భార్య తన దగ్గరికి వస్తే గానీ మాట్లాడనని మొండికేసి నిలబడిన చోటు. అక్కడి నుంచి చూస్తే ఆ రోజు రోడ్డు సముద్రమంత ఉంది. ఇన్నాళ్ళూ కలలోనూ అంతే ఉంది.

ఇక్కడి నుంచి చూస్తే ఏమంత లేదు. ముసలివాడు కూడా గబుక్కున నడిచి వచ్చేంత దూరం. పిలవడానికి పట్టినంతసేపు పట్టదు.

రెండుసార్లు పిలిచాడు ఆయన. రెండోసారి తిట్టి పిలిచాడు.

ఎక్కడో హారన్ మోగింది. వినపడింది కానీ లోపలికి పోలేదు. మెదడులో తలుపులన్నీ సక్రమంగా ఉన్న మనిషి, నడిరోడ్డు మీద, కళ్ళు తెరుచుకుని, ఏమీ చూడకుండా నిలబడిపోయాడు. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా.

పిల్ల పిలవలేదు. సంచీ కింద పడేసి, చెయ్యెత్తి బండిని ఆపుతూ వచ్చింది. ఆయన మణికట్టు పట్టుకుంది.

"రా నాన్నా" అంది. పక్కకి తీసుకెళ్ళింది.